పాస్ తీసుకోవాలా, టికెట్ కొట్టించుకోవాలా?

హైదరాబాద్ సిటీ బస్సుల్లో ఇప్పుడు నెల పాస్ ఆర్డినరీకి 1400, మెట్రో ఎక్స్‌ప్రెస్‌కి 1600, మెట్రో డీలక్స్‌కి 1800 రూపాయలు. 2025 జూన్‌కి ముందు ఇవే వరసగా 1150, 1300, 1450 ఉండేవి. ఒక్కసారిగా రెండు మూడు వందలు పెరిగేసరికి, బస్సులో తిరిగే మగవాళ్ళందరూ లెక్కలు మొదలుపెట్టారు. (మగవాళ్ళే ఎందుకంటే, ఆడవాళ్ళలో చాలామందికి ఈ లెక్కతో పనే లేకుండా పోయింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.) మా ఆఫీసులో టీ టైమ్‌లో కొన్నాళ్ళు ఇదే చర్చ. "ఇంకా పాస్ ఎందుకు, దండగ. ఎక్కిన రోజున టికెట్ కొట్టించుకుంటే పోలా?"

ఆ లెక్క అందరూ ఒకేలా వేస్తారు. పాస్ ధరని టికెట్ ధరతో భాగిస్తారు. వచ్చిన అంకె కంటే ఎక్కువసార్లు బస్సెక్కితే పాస్, తక్కువైతే టికెట్. ఫోన్ తీసి అర నిమిషంలో తేల్చేయొచ్చు. కూడికల్లో తప్పేం లేదు. కానీ ఆ లెక్కతో నాకు పేచీ ఉంది. ఇంటి దగ్గర ఒక బస్సెక్కుతాం, ఆఫీసు దగ్గర దిగుతాం, సాయంత్రం అదే బస్సులో వెనక్కి వస్తాం అనుకుని వేసే లెక్క అది. ఈ ఊళ్ళో ఎంతమంది ప్రయాణం అంత తిన్నగా ఉంటుంది? పాస్ గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది నెలకి ఎన్ని రోజులు ఆఫీసుకి వెళ్తామన్నదాని కంటే, దారిలో ఎన్ని బస్సులు మారతామన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుందని నేను అంటాను.

ముందు మామూలు లెక్కే చూద్దాం. ఒక వైపు టికెట్ 40 రూపాయలు అనుకోండి. ఎక్స్‌ప్రెస్ పాస్ ధర 1600ని 40తో భాగిస్తే 40 ట్రిప్పులు, అంటే రానూ పోనూ 20 రోజులు. వారానికి అయిదు రోజుల ఆఫీసు ఉన్నవాళ్ళకి నెలలో 21, 22 పనిదినాలు వస్తాయి. ఒక పండగ సెలవు, రెండ్రోజుల జ్వరం వస్తే చాలు, పాస్ డబ్బులు గిట్టలేదు. టికెట్ 30 రూపాయలే అయితే 54 ట్రిప్పులు, 27 రోజులు. ఆదివారాలు కూడా డ్యూటీ ఉండేవాళ్ళకి తప్ప అది అయ్యే పని కాదు. ఇక వారానికి మూడు రోజులే ఆఫీసుకి రమ్మనే కంపెనీల్లో పనిచేసేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. నెలకి 13 రోజులు, 26 ట్రిప్పులు. ఒక వైపుకి 60 రూపాయల పైన ఖర్చయితే తప్ప వాళ్ళకి ఎక్స్‌ప్రెస్ పాస్ గిట్టదు.

మా చర్చ ఇలా టికెట్ వైపు మొగ్గాక, 2025 అక్టోబరులో టికెట్ ధరలు కూడా పెరిగాయి. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీల దాకా 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెంచారు. ఎలక్ట్రిక్ బస్సులకి కావలసిన ఏర్పాట్ల కోసం అన్నారు. దాంతో జూన్‌లో "పాస్ దండగ" అని తేల్చినవాళ్ళలో కొందరికి అక్టోబరులో అదే లెక్క తిరగబడింది. ఇలా ఒక పక్క పాస్, ఇంకో పక్క టికెట్ వంతులవారీగా పెరుగుతూ పోతుంటే ఆ భాగహారాన్ని ఏడాదికోసారి కొత్తగా చేసుకోవాల్సిందే.

ఇప్పుడు బస్సు మారడం సంగతి. మల్కాజిగిరిలో ఉండి కొండాపూర్‌లో పనిచేసే మనిషిని తీసుకోండి. ఇంటి దగ్గర ఒక బస్సెక్కి సికింద్రాబాద్‌లో దిగుతాడు. అక్కడ 10హెచ్ ఎక్కుతాడు. మొదటి బస్సుకి 20, రెండో దానికి 40 అనుకుంటే ఒక వైపుకి 60 రూపాయలు. 1600ని 60తో భాగిస్తే 27 ట్రిప్పులు. పధ్నాలుగు రోజులకే పాస్ డబ్బులు వచ్చేసినట్టు. వారానికి మూడు రోజుల ఆఫీసు ఉన్నవాడికి కూడా దాదాపు సరిపోయింది. సికింద్రాబాద్‌లోనే ఉండి తిన్నగా 10హెచ్ ఎక్కే పక్క సీటు ఆయనకి మాత్రం ఇరవై రోజులు పడుతుంది. ఇద్దరూ దిగేది ఒకే స్టాపులో. వాళ్ళని వేరు చేసింది ఆ మొదటి చిన్న బస్సు.

దీనికి కారణం మన టికెట్ పద్ధతే. మన దగ్గర మామూలు టికెట్ ఎక్కిన బస్సుకి మాత్రమే. దిగామా, అది చిత్తుకాగితం. వేరే ఊళ్ళలో అలా ఉండాలనేం లేదు. న్యూయార్క్‌లో 1997 నుంచి బస్సు దిగి సబ్‌వే ఎక్కినా, సబ్‌వే దిగి బస్సెక్కినా రెండో దానికి మళ్ళీ డబ్బులు కట్టక్కర్లేదు, కాకపోతే దానికి ఒక గడువు ఉంటుంది. లండన్‌లో 2016లో ఒక గంటలోపు రెండో బస్సు ఉచితం చేశారు. తర్వాత 2018లో ఆ గంటలో ఎన్ని బస్సులు మారినా ఒకే టికెట్ అన్నారు. అక్కడ మామూలు టికెట్టే చేసే ఈ పని ఇక్కడ పాస్ ఒక్కటే చేస్తుంది. కాబట్టి "అక్కడివాళ్ళు పాసులు మానేస్తున్నారట" అన్న వార్త చదివి మనం మానేయడానికి లేదు.

పైగా స్టేజీల లెక్కలో ఇంకో మెలిక ఉంది. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకి పడే ఖర్చు తగ్గుతుంది. మొదటి స్టేజీలే ఖరీదు. అందుకని ఒకే దూరాన్ని రెండు బస్సుల్లో ముక్కలు చేసుకుని వెళ్తే, ఆ ఖరీదైన మొదటి స్టేజీలకి రెండుసార్లు కట్టాలి. మారితే ఎక్కువ అవుతుంది కాబట్టి టికెట్ మనిషి మారడు. తిన్నగా వెళ్ళే బస్సు కోసం నిలబడతాడు.

కోఠిలో సాయంత్రం పూట ఇది చూడొచ్చు. కొండాపూర్ వెళ్ళాల్సినవాళ్ళు కొందరు 127కె కోసమే కాచుకుని ఉంటారు. ఈలోగా మెహిదీపట్నం వెళ్ళే బస్సులు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోతుంటాయి. మెహిదీపట్నంలో దిగితే గచ్చిబౌలి, కొండాపూర్ వైపు వెళ్ళేవి దొరుకుతాయి. జేబులో పాస్ ఉన్నవాడు వచ్చిన మొదటి బస్సెక్కేసి, అక్కడ మారిపోతాడు. లేనివాడు ఆ పదిహేను, ఇరవై రూపాయల కోసం అరగంట నిలబడతాడు. అతన్ని పిసినారి అని నేననను. నెలంతా రోజూ రెండుపూటలా ఆ ఇరవై అదనంగా కడితే ఎంతవుతుందో అతనికి బాగా తెలుసు. కానీ అరగంట ధర ఏ భాగహారంలోనూ ఎక్కదు. టికెట్ ఖర్చుకి ఆ అరగంటల్ని కూడా కలిపి చూస్తే చాలామందికి పాస్ పది పన్నెండు రోజులకే గిట్టుబాటు అవుతుందని నా అంచనా.

హోటల్లో ఫుల్ మీల్స్ తీసుకునేవాడు ప్రతిసారీ మారు అన్నం పెట్టించుకోడు. అడగొచ్చు అన్న భరోసాకి ప్లేట్ మీల్స్ కంటే ఎక్కువ కడతాడు. పాస్‌లో నాకు నచ్చేది ఆ భరోసానే. పొరపాటు బస్సెక్కితే తర్వాతి స్టాపులో దిగిపోవచ్చు. అమీర్‌పేట దగ్గర ట్రాఫిక్ కదలకపోతే దిగి నాలుగడుగులు నడిచి, జామ్ దాటిన చోట ఇంకో బస్సు పట్టుకోవచ్చు. మధ్యలో మందుల షాపుకో, చుట్టాలింటికో దిగొచ్చు. రెండు స్టాపుల దూరానికి కూడా ఎండలో నడవకుండా ఎక్కేయొచ్చు. "ఇప్పుడీ బస్సెక్కితే ఎంత?" అన్న ప్రశ్న బుర్రలోంచి పోతుంది. అది పోవడం చిన్న సుఖం కాదు, ముఖ్యంగా నెలాఖర్న.

చిల్లర గొడవ కూడా పోతుందని ఒకప్పుడు అదనంగా చెప్పేవాణ్ణి. కండక్టర్ టికెట్ వెనక బాకీ రాసివ్వడం, దిగేముందు "అన్నా, నా ముప్పై?" అని గుంపులోంచి కేకేయడం, ఇద్దరికీ కలిపి ఒక వంద నోటిచ్చి "మీరిద్దరు కింద పంచుకోండ్రి" అంటే ముక్కూ మొహం తెలియని మనిషితో కలిసి చిల్లర కోసం పాన్ డబ్బా దాకా నడవడం, ఇవన్నీ తెలియని హైదరాబాదీ ఉండడు. ఇప్పుడు చాలా బస్సుల్లో యూపీఐ వచ్చాక ఆ కారణం బలం తగ్గింది. అయినా కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో రాడ్డు పట్టుకుని ఇంకో చేత్తో స్కాన్ చేయడం కంటే "పాస్" అని ఒక్క మాట అనడం సులువు.

పాస్‌కి వ్యతిరేకంగా చెప్పేవాళ్ళ దగ్గర కూడా గట్టి వాదనే ఉంది. డెల్లావిన్యా, మల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో అమెరికాలోని జిమ్ముల లెక్కలు తీసి ఒక పరిశోధన అచ్చేశారు. నెలకి 70 డాలర్ల పైన కట్టే సభ్యులు నెలలో సగటున నాలుగుసార్లు మాత్రమే జిమ్‌కి వెళ్ళారు. అంటే వెళ్ళిన ప్రతిసారికీ 17 డాలర్ల పైన పడింది. అదే జిమ్‌లో పది విజిట్ల కార్డు కొనుక్కుంటే ఒక్కోదానికి 10 డాలర్లే అయ్యేది. నెల మొత్తానికి కట్టేసేటప్పుడు మనం వాడబోయేదాన్ని ఎక్కువ అంచనా వేసుకుంటాం అన్నది సారాంశం. బస్ పాస్‌కి కూడా ఇదే వర్తిస్తుంది కదా అంటారు.

కొంత వర్తిస్తుంది. ఆఫీసుకి రోజూ బస్సులోనే వెళ్తానని ఒకటో తారీకున అనుకుని, పదో తారీకు నుంచి ఫ్రెండ్ బండి వెనక కూర్చునేవాళ్ళు ఉంటారు. కానీ జిమ్‌కి వెళ్ళకపోతే ఇంట్లో పడుకోవచ్చు. ఆఫీసుకి వెళ్ళకపోతే జీతం కోస్తారు. బతుకుతెరువు ప్రయాణంలో అంచనా అంతగా తప్పదు. బస్సు తప్ప వేరే దారి లేనివాడు తన నెల ఎలా ఉండబోతోందో మిగతా అందరికంటే కచ్చితంగా చెప్పగలడు. జిమ్ లెక్క వర్తించేది ఇంట్లో బండి ఉండి, పెట్రోల్ ఖర్చు తగ్గిద్దామని ఈ నెలకి బస్సు మీద మోజు పడేవాళ్ళకి. వాళ్ళు ముందు ఒక నెల టికెట్లు కొట్టించుకుని చూసుకోవడమే మంచిది.

నేను ఒప్పుకునే అసలు ఇబ్బంది వేరే ఉంది. పాస్ జేబులో ఉంటే మనిషి మొండివాడవుతాడు. కళ్ళముందు షేర్ ఆటో ఆగి "ఒక్కరే, ఒక్కరే" అని పిలుస్తుంటే, "డబ్బులు కట్టేశాం కదా" అని బస్సు కోసం నిలబడతాడు. కట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు. పాస్ ఉన్నా లేకపోయినా ఆ పూట ఆటో మేలైతే ఆటోనే ఎక్కాలి. ఈ మాట చెప్పడం తేలిక, పాటించడం కష్టం. ఆర్డినరీ పాస్ తీసుకున్నవాళ్ళది ఇంకో అవస్థ. అదొక్కటే చూపిస్తే మెట్రో ఎక్స్‌ప్రెస్ ఎక్కనివ్వరు. రెండు వందలు మిగిల్చి, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఒకదాని తర్వాత ఒకటి వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడాలి. బస్సుల మధ్య ఎంచుకునే స్వేచ్ఛ కోసమే పాస్ అంటున్నాను కాబట్టి, మీ దారిలో అన్నీ ఆర్డినరీలే తిరిగితే తప్ప ఆ పాస్ వద్దంటాను.

ఇక ఆడవాళ్ళ సంగతి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ రాష్ట్రంలోని ఆడవాళ్ళకి జీరో టికెట్. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15 నుంచి ఇలాంటిదే మొదలైంది. దీని మీద మగవాళ్ళ విసుర్లు, సీట్ల గొడవలు, వీడియోలు అన్నీ అందరం చూశాం. వాటిని పక్కన పెడితే, నా వాదనకి ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు. రాష్ట్రమంతటా ఆడవాళ్ళ చేతికి ఒక్కసారిగా అపరిమిత పాస్ ఇచ్చినట్టయింది. వాళ్ళేం చేశారు?

మా అమ్మనే చూస్తున్నాను. ఇంతకుముందు కూరగాయలకి వారానికోసారి మోండా మార్కెట్‌కి వెళ్ళి, మోయలేనంత కొనుక్కుని, ఒకటే బస్సులో తిరిగొచ్చేది. ఇప్పుడు కొంచెం కొంచెం తెచ్చుకుంటుంది. దారిలో పిన్ని వాళ్ళింటి దగ్గర దిగుతుంది, కాసేపు కూర్చుని మళ్ళీ ఎక్కుతుంది. వచ్చేటప్పుడు మరీ రద్దీగా ఉంటే ఆ బస్సు వదిలేయదు. రెండు స్టాపులెళ్ళి దిగిపోయి, ఖాళీగా వచ్చేది చూసుకుని ఎక్కుతుంది. "ఎక్కితే ఏం పోయింది, ఆధార్ చూపిస్తే సరి" అంటుంది. ప్రయాణం మధ్యలో విరగ్గొట్టుకోవడం, మారడం, మనసు మార్చుకోవడం, టికెట్ ఉన్న రోజుల్లో ఆవిడ చేయని పనులన్నీ ఇవే. మగవాడికి పాస్ ఇచ్చేది సరిగ్గా ఇదే. కాకపోతే మనం దాన్ని ట్రిప్పుల్లో కొలుస్తున్నాం.

ఇంతవరకు పాస్ పక్షాన మాట్లాడాను. పాస్ తీసుకోలేనివాళ్ళ గురించి మాట్లాడకపోతే ఇది అన్యాయమైన వాదన అవుతుంది. అడ్డా మీద నిలబడి ఏ రోజు కూలీ ఆ రోజు తీసుకునే మేస్త్రీకి గానీ, పెయింటర్‌కి గానీ ఈ పాస్ అందరికంటే ఎక్కువ అవసరం. రోజుకో సైటు, రోజుకో దారి, రెండు మూడు బస్సులు మారాలి. కానీ అతని దగ్గర ఒకటో తారీకున విడిగా తీసిపెట్టడానికి 1600 ఉండవు. రేపు పని దొరుకుతుందో లేదో తెలియని మనిషిని నెల ప్రయాణానికి ముందే కట్టమనడం ఏం న్యాయం? అందుకని అతను ఏ బస్సుకి ఆ బస్సు టికెట్ కొట్టించుకుంటాడు. నెలాఖరుకి చూస్తే, నెల జీతం ఉన్న నాకంటే రోజుకూలీ అతనే ప్రయాణానికి ఎక్కువ కట్టి ఉంటాడు. డబ్బు ముందే చేతిలో ఉన్నవాడికి తగ్గింపు, లేనివాడికి పూర్తి ధర. పాస్ పద్ధతిలో నాకు అస్సలు నచ్చని విషయం ఇది.

దీనికి మందు ప్రపంచంలో ఎప్పుడో కనిపెట్టారు. లండన్‌లో 2005 నుంచి ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డు మీద రోజువారీ పరిమితి ఉంది. ఎక్కిన ప్రతిసారీ డబ్బులు పోతుంటాయి, ఆ రోజుకి ఒక మొత్తం దాటాక ఇక పోవు. 2014లో బ్యాంకు కార్డులకి వారం పరిమితి కూడా తెచ్చారు. న్యూయార్క్‌లో కార్డో ఫోనో తాకించి కట్టే ఓమ్నీ పద్ధతిలో ఏడు రోజుల్లో 12 ట్రిప్పులకి కట్టాక మిగతావన్నీ ఉచితం అన్నారు. 2025 చివరితో పాత మెట్రోకార్డు అమ్మకాలు ఆపేశారు. దానితోపాటే 132 డాలర్ల ముప్పై రోజుల పాస్ కూడా పోయింది. ఒక్కో ట్రిప్పు 2.90 ఉన్నప్పుడు ఆ పాస్ గిట్టుబాటు కావాలంటే 46 ట్రిప్పులు తిరగాలి. మన 1600 పాస్‌కి 35 రూపాయల టికెట్‌తో లెక్కేస్తే వచ్చేది కూడా 46. సముద్రాలు దాటినా ఉద్యోగస్తుడు ఒకే అంకె చుట్టూ తిరుగుతున్నాడన్నమాట.

అక్కడ ఇప్పుడు ఆ అంకెతో ఎవరికీ పని లేదు. ఎక్కువ తిరిగిన వారం పాస్ అయిపోతుంది, తక్కువ తిరిగిన వారం టికెట్టే. ముందుగా ఊహించాల్సిన బాధ ప్రయాణికుడి మీద లేదు. (నెలంతా బాగా తిరిగేవాళ్ళకి పాత ముప్పై రోజుల పాసే చవక అన్న ఫిర్యాదు అక్కడ ఉంది. అందులో నిజం ఉంది, నాలుగు వారాల పరిమితి కలిపితే 132 దాటుతుంది.) మన దగ్గర కండక్టర్ చేతిలో మెషీన్ ఉంది, యూపీఐ ఉంది, దేశమంతటికీ ఒకే ప్రయాణ కార్డు అంటూ 2019లో మొదలుపెట్టిన ఎన్‌సీఎంసీ కార్డు ఉంది. ఒక నెలలో ఒకే కార్డు మీద 1600 దాటాక టికెట్‌కి సున్నా కొట్టమని మెషీన్‌కి నేర్పడం జీరో టికెట్ నేర్పిన మనవాళ్ళకి బ్రహ్మవిద్యేమీ కాదు. ఎక్కిన స్టేజీ కండక్టరే కొడతాడు కాబట్టి గేట్లు కూడా అక్కర్లేదు.

అది వచ్చేదాకా, పాస్ ధర ఎంత ఉండాలన్నదానికి మన దేశంలోనే ఒక నమూనా ఉంది. రైల్వే నెలవారీ సీజన్ టికెట్. సెకండ్ క్లాసులో దాని ధర సుమారుగా పదిహేను సింగిల్ టికెట్లకి సమానంగా పెడతారు. ఎనిమిది రోజులు పనికి వెళ్తే చాలు, మిగతా నెలంతా లాభమే. ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ వచ్చే గుమాస్తా ఎవరూ ఫోన్‌లో భాగహారాలు చేయడు, సీజన్ తీసేసుకుంటాడు. ఆ టికెట్ రెండు స్టేషన్ల మధ్యే పనిచేస్తుంది, ఊరంతా తిప్పదు, నిజమే. కానీ పదిహేను ట్రిప్పులకీ, నలభై ట్రిప్పులకీ మధ్య ఉన్న తేడా ఆ ఒక్క కారణంతో చెల్లిపోదు. చెన్నైలో సిటీ బస్సులకి ఏసీ లేని బస్సుల నెల పాస్ 1000 రూపాయలు. హైదరాబాద్‌లో ఆర్డినరీ పాస్ కూడా 1400. ఆర్టీసీ ధరలు పెంచొద్దని నేననడం లేదు. పెంచాల్సి వస్తే టికెట్ మీద పెంచి పాస్‌ని వదిలేయాలి అంటున్నాను. రోజూ వచ్చే ప్రయాణికుణ్ణి పోగొట్టుకుంటే అతను బండి కొనుక్కుంటాడు. బండి కొన్నాక వాయిదాలు తీరేదాకా కాదు, ఆ బండి పాడయ్యేదాకా తిరిగి రాడు.

మెట్రో రైలు గురించి రెండు ముక్కలు. 2025 మే నెలలో సవరించాక ఛార్జీలు 11 నుంచి 69 రూపాయల దాకా ఉన్నాయి. 2021లో అక్కడ సువర్ణ ఆఫర్ అని పెట్టి, 20 ట్రిప్పులకి కట్టినవాళ్ళకి 45 రోజుల్లో 30 ట్రిప్పులు ఇచ్చారు. 2022లో ఎంపిక చేసిన సెలవు రోజుల్లో 59 రూపాయలకి రోజంతా తిరిగే కార్డు ఇచ్చారు. సెలవు రోజున అపరిమితం, పనిరోజున లెక్కపెట్టి ఇవ్వడం నాకు విడ్డూరంగా అనిపించింది. పైగా మీ బస్ పాస్ మెట్రో గేటు దగ్గర పనికిరాదు. ఉదయం బస్సు, సాయంత్రం మెట్రో ఎక్కేవాళ్ళకి, అంటే ట్రాఫిక్‌ని బట్టి మనసు మార్చుకునే తెలివైనవాళ్ళకి, రెండు చోట్లా పాస్ గిట్టదు. నా వాదన వర్తించని జనం వీళ్ళే. వీళ్ళు టికెట్‌తోనే ఉండాలి.

మిగతావాళ్ళకి నా సలహా తేలికే. ఇంటి ముందు ఎక్కి ఆఫీసు ముందు దిగే ఒకే బస్సు ఉంటే, పైగా వారానికి నాలుగైదు రోజులకి మించి పని లేకపోతే పాస్ జోలికి పోకండి. ఒక్కచోట మారాల్సి వచ్చినా పాస్ వైపు మొగ్గండి. రెండు చోట్ల మారాలంటే ఆలోచించకుండా తీసుకోండి. ఊరి నుంచి ఆస్పత్రి పని మీద వచ్చి నిమ్స్‌కీ, ల్యాబుకీ, చుట్టాలింటికీ తిరగాల్సినవాళ్ళు 24 గంటల టికెట్ అడగండి. కండక్టరే ఇస్తాడు. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళలో అది ఉందని తెలిసినవాళ్ళు తక్కువ.

తీసుకునే తేదీ కూడా చూసుకోండి. పాస్ నెల ఒకటో తారీకుతో మొదలవ్వాలని లేదు, తీసుకున్న రోజు నుంచి లెక్క. సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు అలవాటు కొద్దీ జనవరి రెండునో మూడునో పాస్ తీసేసుకుని, పదిన బస్సెక్కి వెళ్ళిపోయి, పద్దెనిమిదికి తిరిగొస్తుంటారు. నెలలో నాలుగో వంతు కొబ్బరితోటలో గడిచిపోతుంది. ఊరెళ్ళేదాకా టికెట్ కొట్టించుకుని, పండగ నుంచి వచ్చిన సోమవారం పాస్ తీసుకుంటే సరిపోతుంది. దసరాకి కూడా అంతే.